నీటితిత్తికి క్యాన్సరు పేరు: మన అండాశయాలు ఎవరి సొత్తు?

మట్టెవాడలో మా ఇంటి బీరువా మీద ఒక బట్టల షాపు సంచి ఉంది. అందులో బట్టలు లేవు, స్కానింగు రిపోర్టులున్నాయి. ఇన్నేళ్ళుగా మా సంఘానికి వచ్చిన ఆడవాళ్ళు "అక్కా, ఇందుల ఏం రాసిండ్రో జర చదివి చెప్పు" అని చేతికిచ్చి, తిరిగి తీసుకోకుండా వెళ్ళినవి. కొత్తవాడలో జంపఖానాల నేతకు కండెలు చుట్టేవాళ్ళు, ఏనుమాముల మార్కెట్టులో మిరపకాయలు ఏరేవాళ్ళు, బీడీలు చేసేవాళ్ళు, నర్సంపేట, పరకాల వైపు ఊళ్ళనుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు. ఎక్కువ రిపోర్టుల్లో ఒకటే మాట ఉంటుంది. కుడి అండాశయంలో మూడు సెంటీమీటర్ల నీటితిత్తి. లేకపోతే ఎడమ అండాశయంలో మూడున్నర. ఆ పక్కనే పెన్నుతో రాసిన ఇంకో మాట ఉంటుంది: ఆపరేషను.

ఆ రిపోర్టుల్లో ఒకటి మా చెల్లెలిది.

2008లో మా చెల్లెలికి 31 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు. పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట. ఊళ్ళో సూదులేసే ఆర్.ఎం.పి. డాక్టరు తానే వెంటబెట్టుకుని నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకొచ్చాడు. స్కానింగులో మూడున్నర సెంటీమీటర్ల నీటితిత్తి కనబడింది. "గడ్డ ఉన్నది, ఉంచితే క్యాన్సరైతది. పిల్లలు పుట్టిండ్రు గదా, ఇంకెందుకమ్మా అది?" అన్నారు. మూడో రోజున గర్భసంచీ, రెండు అండాశయాలూ తీసేశారు. మరిది అప్పు కోసం తిరుగుతుంటే సాక్షి సంతకం పెట్టింది నేనే. అప్పటికే నేను సంఘంలో పనిచేస్తున్నాను. స్త్రీల శరీరం మీద స్త్రీలకే హక్కు ఉండాలని సభల్లో మాట్లాడుతున్నాను. అయినా క్యాన్సరు అనే మాట వినగానే నా నోరు పడిపోయింది. తీసిన గడ్డ ఏమిటో పరీక్ష చేసిన కాగితం ఇమ్మని తర్వాత అడిగితే, "ఏం లేదు, మంచిగనే ఉన్నది" అన్నారు. కాగితం మాత్రం ఇయ్యలేదు. మంచిగా ఉన్నదాన్ని ఎందుకు తీశారని అడగాలనే తెలివి ఆ రోజు నాకు రాలేదు.

మా పెద్దమ్మ సంగతి వేరు. 2016లో ఆమెకు 63 ఏళ్ళు. రెండు ముద్దలు తినగానే కడుపు నిండినట్టు ఉండేది. కడుపు ఉబ్బరం, మాటిమాటికీ మూత్రానికి లేవడం. ఏడు నెలల పాటు గ్యాసు గోళీలు మింగింది. "వయసు మీద పడ్డది పెద్దమ్మా, అరుగుతలేదు" అని నేను కూడా అన్నాను. కడుపులో నీరు చేరి చీర కుచ్చిళ్ళు నిలవని స్థితి వచ్చాక స్కానింగు తీయించాం. అండాశయ క్యాన్సరు, మూడో దశ. పద్నాలుగు నెలలు బతికింది.

ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరికి అవసరం లేకుండా కోశారు. మరొకరికి అవసరమైనా ఎవరూ చూడలేదు. ఇవి రెండు వేర్వేరు తప్పులని చాలాకాలం అనుకున్నాను. కాదు. రెండింటి వెనకా ఉన్నది ఒకటే. అండాశయం ఏ వయసులో ఏ పని చేస్తుంది, హార్మోన్లతో దానికి ఉన్న లావాదేవీ ఏమిటి అనే మామూలు విషయాన్ని ఆడవాళ్ళకు ఎవరూ చెప్పరు. ఆ ఖాళీలోకి భయం వచ్చి కూర్చుంటుంది. భయం ఉన్నచోట వ్యాపారం నడుస్తుంది, వ్యాపారానికి పనికిరాని ముసలామె గ్యాసు గోళీతో ఇంటికి పోతుంది.

నెలనెలా పుట్టి నెలనెలా పోయే తిత్తి

ముందు మనం తెలుసుకోవలసింది ఇది. ముట్లు వస్తున్న ఆడమనిషి అండాశయంలో నీటితిత్తి తయారవడం రోగం కాదు, అది దాని పని. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రతి నెలా హార్మోన్ల ఆజ్ఞ వస్తుంది. అండాశయంలో కొన్ని చిన్న చిన్న పుటికలు పెరగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి దాదాపు రెండు సెంటీమీటర్ల దాకా పెరిగి, పగిలి, అండాన్ని విడుదల చేస్తుంది. పెరుగుతున్నప్పుడు అది ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. పగిలిన తర్వాత మిగిలిన పచ్చటి ముద్ద ప్రొజెస్టరోన్ తయారుచేస్తుంది. గర్భం రాకపోతే ఆ ముద్ద ఎండిపోతుంది, ముట్టు వస్తుంది.

ఒక్కో నెల పుటిక పగలదు. నీరు నిండి మూడు, నాలుగు సెంటీమీటర్ల తిత్తిగా మిగులుతుంది. ఒక్కో నెల పచ్చముద్దలో కొంచెం రక్తం నిండుతుంది. ఈ తిత్తులు చాలామటుకు రెండు మూడు నెలల్లో వాటంతటవే కరిగిపోతాయి. లోపల గోడలు, గట్టి ముద్దలు లేకుండా ఉత్త నీటితో ఉండి, ఐదు సెంటీమీటర్ల లోపు ఉన్న తిత్తికి ముట్లు వచ్చే వయసులో సాధారణంగా ఏ వైద్యమూ అక్కరలేదు. మా చెల్లెలిది మూడున్నర. ఏ రోజున స్కానింగు తీశారు, ముట్టయి ఎన్నో రోజు అని కూడా ఆమెను అడిగినవాళ్ళు లేరు.

అమ్మాయిల స్కానింగులో 'పీసీఓఎస్' అని రాస్తారు. అండాశయం నిండా తిత్తులున్నాయని తల్లులు ఏడుస్తూ వస్తారు. హార్మోన్ల తూకం తప్పి సగంలో పెరుగుదల ఆగిపోయిన పుటికలవి. కణితులు కావు, కోసి తీసేవి అంతకంటే కావు. ఆ స్థితికి చూసుకోవలసిన సంగతులు వేరే ఉన్నాయి. ముట్లు నెలల తరబడి రాకపోతే గర్భసంచి లోపొర మందమవుతుంది, చక్కెర వ్యాధి వచ్చే అవకాశం పెరుగుతుంది. వాటికి వైద్యం కావాలి, కత్తి కాదు.

అన్ని గడ్డలూ ఇలాగే కరిగిపోతాయని నేను అనడంలేదు. వెంట్రుకలు, పళ్ళు కూడా ఉండే డెర్మాయిడ్ గడ్డలుంటాయి. గర్భసంచి లోపొర వంటిది అండాశయంలో చేరి, ఈస్ట్రోజెన్ బలంతో నెలనెలా రక్తం కారి తయారయ్యే చాక్లెట్ తిత్తులుంటాయి. ఇవి క్యాన్సరు కావు గానీ కొన్నిసార్లు తీయవలసి వస్తుంది. తీసినప్పుడు కూడా వయసులో ఉన్నవాళ్ళకు చాలాసార్లు గడ్డను మాత్రమే తీసి అండాశయాన్ని మిగల్చవచ్చు. గడ్డ ఉన్న అండాశయం మెలిపడితే మాత్రం ఒక్కసారిగా భరించలేని నొప్పి, వాంతులు వస్తాయి. అప్పుడు గంటల మీద ఆసుపత్రికి పోవాలి. మన సంఘాల్లో ఆగమని చెప్పవలసిన చోటు ఏదో, పరుగెత్తమని చెప్పవలసిన చోటు ఏదో రెండూ తెలిసి ఉండాలి.

క్యాన్సరుకూ హార్మోనుకూ ఉన్న సంబంధం

మరి అండాశయ క్యాన్సరుకు హార్మోన్లతో సంబంధం లేదా? ఉంది. అది మనకు చెప్పే పద్ధతిలో లేదు, అంతే.

1971లో ఈజిప్టు డాక్టరు మహమూద్ ఫతల్లా ఒక ఊహ ముందుకు తెచ్చాడు. నెలనెలా అండాశయం పగలడం, ఆ గాయం మానడం విరామం లేకుండా సాగితే, ఆ మరమ్మతులో ఎక్కడో కణాలు దారి తప్పవచ్చని. కాన్పులు, పాలివ్వడం ఈ పనికి విరామమిస్తాయి. అండం విడుదల కాకుండా ఆపే గర్భనిరోధక మాత్రలూ విరామమిస్తాయి. 2008లో 'లాన్సెట్' పత్రికలో 45 అధ్యయనాలను కలిపి చూసిన ఫలితాలు వచ్చాయి. మాత్రలు వాడిన ప్రతి ఐదేళ్ళకు అండాశయ క్యాన్సరు ముప్పు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. పదిహేనేళ్ళు వాడినవాళ్ళలో సగానికి తగ్గుతుంది. మానేసిన తర్వాత కూడా ఈ రక్షణ ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఇంకో పక్క చూడండి. ముట్లు ఆగిన తర్వాత వేడి ఆవిర్లు తగ్గడానికి ఇచ్చే హార్మోను మందుల సంగతి 2015లో అదే పత్రికలో వచ్చింది. 52 అధ్యయనాల లెక్క అది. యాభై ఏళ్ళ దగ్గర మొదలుపెట్టి ఐదేళ్ళు వాడితే, వాడిన ప్రతి వెయ్యి మందిలో సుమారు ఒకరికి అదనంగా అండాశయ క్యాన్సరు వస్తుంది. పెద్ద సంఖ్య కాదు. కానీ వాడే మనిషికి చెప్పి తీరవలసిన సంఖ్య.

కొన్ని అరుదైన కణితులు తామే హార్మోన్లను తయారుచేస్తాయి. గ్రాన్యులోసా కణాల కణితి ఈస్ట్రోజెన్ వదులుతుంది. ముట్లాగిన ముసలమ్మకు మళ్ళీ రక్తం కనబడుతుంది, లేదా చిన్న పిల్ల ముందే ఈడేరుతుంది. మరికొన్ని మగ హార్మోన్లు వదులుతాయి. గొంతు మారుతుంది, మీసం గడ్డం వస్తాయి. "ఏదో గాలి సోకింది" అని తాయెత్తు కట్టే ముందు స్కానింగు తీయించవలసిన సూచనలివి.

హార్మోనే సర్వస్వం కూడా కాదు. బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో లోపం ఉన్న కుటుంబాల్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు తరతరాలుగా వస్తాయి. వాళ్ళకు పిల్లలు పుట్టాక అండాశయాలు, నాళాలు తీసేయడం ప్రాణాలు కాపాడే వైద్యమే. ఎక్కువమందిని చంపే రకం క్యాన్సరు చాలాసార్లు అండనాళం చివర మొదలవుతుందని ఇప్పుడు తెలిసింది. ఫతల్లా చెప్పినది నిజంలో ఒక భాగం మాత్రమే. అయితే ఇన్ని అధ్యయనాలు తిరగేసినా ఒక మాట మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ముప్పై ఏళ్ళ మనిషికి మూడున్నర సెంటీమీటర్ల నీటితిత్తి ఉంటే అది క్యాన్సరుగా మారుతుంది గనక గర్భసంచితో సహా అన్నీ తీసెయ్యాలనే మాట.

మన పొరపాటు కూడా ఒప్పుకుందాం

ఇక్కడ మన ఉద్యమం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1985లో మెదక్ జిల్లా పటాన్‌చెరులో నెట్-ఎన్ సూదిమందు ప్రయోగం కోసం పేద ఆడవాళ్ళను పోగుచేశారు. అది ప్రయోగమనిగానీ, దాని వల్ల ఏమవుతుందనిగానీ వాళ్ళకు చెప్పలేదు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు అక్కడికి వెళ్ళి నిలదీశారు. 1986లో ఢిల్లీలోని సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసు 2000 దాకా సాగింది. ఆ పోరాటం వల్లే ఆడవాళ్ళకు చెప్పకుండా వాళ్ళ శరీరంలోకి హార్మోను ఎక్కించడం నేరమనే ఎరుక మనకు వచ్చింది. దానికి మనం ఎప్పుడూ రుణపడి ఉంటాం.

కానీ ఆ తర్వాత మనలో చాలామందిమి, నాతో సహా, ఊళ్ళల్లో ఆ మాటను పొట్టిచేసి చెప్పాం. "హార్మోను అంటేనే విషం" అన్నాం. గర్భనిరోధక మాత్ర వేసుకుంటే గడ్డలు లేస్తాయని ఎవరైనా అంటే కాదనలేదు. అసలు సంగతి దానికి తలకిందులు. మాత్ర అండాశయ క్యాన్సరును తగ్గిస్తుంది. వాడుతున్నంతకాలం రొమ్ము క్యాన్సరు ముప్పును కొంచెం పెంచుతుంది. కొందరిలో రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని తెస్తుంది. ముప్పై అయిదు దాటి పొగ తాగేవాళ్ళకు, రక్తపోటు ఉన్నవాళ్ళకు మంచిది కాదు. ఈ మొత్తం లెక్క ఆడమనిషి ముందు పెట్టి "నువ్వే తేల్చుకో" అనాలి. పటాన్‌చెరులో మనం అడిగింది అదే కదా. ప్రభుత్వం సగం నిజం చెప్తే తప్పు, మనం సగం నిజం చెప్తే ఒప్పు కాదు. 2017 నుంచి సర్కారు ఆసుపత్రుల్లో 'అంతర' పేరుతో డీఎంపీఏ సూది ఉచితంగా ఇస్తున్నారు. ఆ వరుసలో నిలబడ్డ మనిషికి మనం చెప్పేది భయమా, వివరమా అన్నది ఈ రోజుటి ప్రశ్న.

మన సగం నిజం వల్ల జరిగిన నష్టం ఏమిటో తెలుసా? హార్మోన్లంటే భయపడ్డ ఆడమనిషి, ఆ హార్మోన్లు తయారుచేసే అవయవాన్ని తీసేస్తామంటే మాత్రం భయపడలేదు.

"పిల్లలు పుట్టిండ్రు గదా, ఇంకెందుకు?"

ఈ ఒక్క ప్రశ్నలో పితృస్వామ్యమంతా ఉంది. ఆడదాని లోపల ఉన్నదంతా పిల్లల కోసమే, పని అయిపోయాక అది పాత సామాను. మగవాడికి పిల్లలు పుట్టారు కదా అని అతని బీజాలు తీసేద్దామని ఏ డాక్టరైనా అన్నాడా?

అండాశయం పిల్లల కోసమే పనిచెయ్యదు. ఈస్ట్రోజెన్ ఎముకల్ని గట్టిగా ఉంచుతుంది, గుండె నాళాల్ని కాపాడుతుంది, నిద్ర, మూత్రాశయం, యోని తేమ అన్నింటిలో దాని చెయ్యి ఉంది. ముట్లు ఆగిన తర్వాత కూడా అండాశయం పూర్తిగా పని మానేయదు. కొంతకాలం వేరే హార్మోన్లు తయారుచేస్తుంది, శరీరం వాటిని ఈస్ట్రోజెన్‌గా మార్చుకుంటుంది. అమెరికాలో నర్సుల ఆరోగ్య అధ్యయనంలో గర్భసంచి తీయించుకున్న 29 వేల మందికి పైగా స్త్రీలను 24 ఏళ్ళ పాటు గమనించి 2009లో ఫలితాలు చెప్పారు. రెండు అండాశయాలూ తీసేసిన వాళ్ళలో అండాశయ క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు తగ్గిన మాట నిజమే. కానీ గుండెజబ్బులు పెరిగాయి, మొత్తం మరణాలు పెరిగాయి. ముఖ్యంగా యాభై లోపు తీయించుకుని ఈస్ట్రోజెన్ మందు వాడనివాళ్ళలో. మన ఊళ్ళల్లో తీసేసిన తర్వాత ఈస్ట్రోజెన్ రాసి పంపే డాక్టర్లు ఎందరు? అంటే క్యాన్సరు రాకుండా కాపాడతామని చెప్పి, ఎక్కువమందిని చంపే గుండెజబ్బుకు దారి తెరుస్తున్నారు.

మా చెల్లెలికి 32వ ఏట ఆవిర్లు మొదలయ్యాయి. 36కే మోకాళ్ళు పట్టేశాయి. నాట్లకు వంగలేక కూలి మానేసింది. 44వ ఏట బావి దగ్గర జారిపడితే మణికట్టు విరిగింది. "నేను ముసల్దాన్ని ఎప్పుడైన్నో నాకే తెల్వదక్కా" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఈ లెక్కలు ఎవరివి?

ఇది మా ఇంటి గొడవే అయితే మీ ముందు పెట్టేదాన్ని కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలు మన రెండు తెలుగు రాష్ట్రాలవే. 2019–21 సర్వేలో కూడా ఆ స్థానాలు వదల్లేదు. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. తెలుగు ఆడవాళ్ళ గర్భసంచులు మాత్రమే దేశంలో అందరికంటే ఎక్కువగా చెడిపోతున్నాయని ఎవరైనా నమ్ముతారా? మెదక్ జిల్లా ఊళ్ళల్లో తిరిగి డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి ఈ సంగతిని ఏనాడో బయటపెట్టారు. చిన్న వయసు, పేద కుటుంబాలు, ప్రైవేటు ఆసుపత్రులు, క్యాన్సరు భయం. మా సంచిలోని రిపోర్టులు చెప్పే కథ కూడా అదే.

ఇంకో పక్క వాదన కూడా వినాలి. నేను గౌరవించే ఒక డాక్టరమ్మ నాతో అన్నది: "రెండు నెలల తర్వాత మళ్ళీ స్కానింగుకు రమ్మంటే రారు. వాళ్ళకు బస్సు ఛార్జీ, కూలి పోవడం. రేపు అది నిజంగానే క్యాన్సరైతే నన్నే పట్టుకుంటరు." ఆమె మాటలో నిజముంది. కానీ దాని అర్థం ఏమిటి? మళ్ళీ రావడానికి వంద రూపాయలు లేని మనిషి దగ్గర ఆపరేషనుకు వేల అప్పు చేయిస్తున్నామని. రెండో స్కానింగును ఉచితం చేయమని అడగాలి గానీ, పేదరికాన్ని కత్తికి కారణంగా చూపించకూడదు.

"మేమే తీసేపిచ్చుకుంటున్నం" అనే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. చేలల్లో మరుగు ఉండదు, బట్ట మార్చుకునే చోటు ఉండదు, ముట్టు నొప్పికి ఒక రోజు సెలవు ఉండదు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరుకు నరికే ఆడవాళ్ళ సంగతి 2019లో దేశమంతా విన్నది. ముట్టు వస్తే పని పోతుందని గర్భసంచులు తీయించుకున్నారు. దాన్ని ఎంపిక అని పిలవడానికి నాకు నోరు రాదు. ఆ కష్టానికి కావలసింది మరుగుదొడ్డి, సెలవు, నొప్పికి మందు.

క్యాన్సరును ముందే పట్టుకోవడానికి అందరికీ స్కానింగులు, రక్తపరీక్షలు చెయ్యాలనే వాళ్ళకు కూడా జవాబుంది. బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలతో చేసిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. ఏ బాధా లేనివాళ్ళకు ఏటా సీఏ-125 రక్తపరీక్షలు, స్కానింగులు చేసినా అండాశయ క్యాన్సరు చావులు తగ్గలేదు. అమెరికాలో 78 వేల మందితో చేసినదాని ఫలితం 2011లో వచ్చింది. అక్కడా చావులు తగ్గలేదు సరికదా, క్యాన్సరు లేకుండానే ఉందేమోనన్న అనుమానంతో 1,080 మందికి ఆపరేషన్లు జరిగాయి. వాళ్ళలో నూటికి పదిహేను మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. సీఏ-125 ముట్టు సమయంలో పెరుగుతుంది, చాక్లెట్ తిత్తులకు పెరుగుతుంది, మన దేశంలో ఎక్కువగా ఉండే కడుపు క్షయకూ పెరుగుతుంది. ఆ ఒక్క అంకె చూపించి కోసేవాళ్ళను నమ్మకండి.

పరీక్ష కావలసింది బాధ ఉన్నవాళ్ళకు. యాభై దాటిన మనిషికి కొత్తగా కడుపుబ్బరం, త్వరగా కడుపు నిండినట్టు ఉండటం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ మూత్రం ఇవి నెలలో పన్నెండుసార్లకు మించి వస్తుంటే గ్యాసు అని వదిలెయ్యకూడదు. ముట్లు ఆగాక అండాశయం నెలనెలా పుటికలు పెంచడం మానేస్తుంది. ఆ వయసులో కొత్తగా గడ్డ కనబడితే దాన్ని జాగ్రత్తగా చూడాలి. 31 ఏళ్ళ మా చెల్లెలి తిత్తికీ, 63 ఏళ్ళ మా పెద్దమ్మ గడ్డకూ తేడా ఇదే. ఈ ఒక్క తేడా నాకు ముందే తెలిసి ఉంటే ఒకరి సంతకం ఆపేదాన్ని, ఒకరిని ఆరు నెలల ముందే ఆసుపత్రికి తీసుకుపోయేదాన్ని. మా మట్టెవాడ దగ్గర్లోనే ఎంజీఎం ఉంది, సీకేఎం ప్రసూతి ఆసుపత్రి ఉంది, 1959 నుంచి మెడికల్ కాలేజీ ఉంది. ఇంత చదువు మన పక్కనే ఉండి, ఈ నాలుగు వాక్యాలు మన గడప దాటి లోపలికి రాలేదు.

మనం ఏం అడగాలి?

అక్రమ గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2022లో కేంద్ర ఆరోగ్యశాఖ తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచెయ్యాలన్నది. వాటి ప్రకారం ఈ ఆపరేషన్లను గమనించడానికి జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో కమిటీలుండాలి. మీ జిల్లా కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు? సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. జవాబు వచ్చినా, రాకపోయినా అది మనకు పనికొచ్చే కాగితమే.

గర్భసంచిని లెక్కపెట్టి అండాశయాన్ని వదిలేస్తే సగం లెక్కే అవుతుంది. తీసిన అండాశయాల సంఖ్య, ఆ మనిషి వయసు, కారణం కూడా కమిటీ ముందుకు రావాలని అడగాలి. తీసిన ప్రతి అవయవం పరీక్ష రిపోర్టు ఆ మనిషి చేతికి, ఆమె చదువుకోగల భాషలో రావాలి. రిపోర్టులో ఏ జబ్బూ లేదని వస్తే ఎందుకు తీశారో ఆ ఆసుపత్రి రాసివ్వాలి. రెండు అండాశయాలూ పోయిన చిన్న వయసు ఆడవాళ్ళకు హార్మోను వైద్యం, ఎముకల పరీక్ష సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా దొరకాలి. వాళ్ళకు ఈస్ట్రోజెన్ ఇవ్వడం శరీరంలోంచి లాక్కున్నదాన్ని కొంతైనా తిరిగివ్వడం. మామూలు ముట్లాగే వయసు దాకా సాధారణంగా అది మేలే చేస్తుంది. ఇక్కడ కూడా "హార్మోను విషం" అనే పాత మాటతో వాళ్ళకు అడ్డం పడకండి.

సంఘాల్లో పనిచేసే మనకు ఇంకా దగ్గర పని ఉంది. ఆపరేషన్ అని రాసిన కాగితంతో ఎవరైనా వస్తే నాలుగు ప్రశ్నలు అడగడం నేర్పండి. ఇది ఉత్త నీటితిత్తా, లోపల గట్టిగా ఏమైనా ఉందా? రెండు నెలలు ఆగి మళ్ళీ చూస్తే ఏమవుతుంది? తియ్యవలసి వస్తే గడ్డను మాత్రమే తియ్యలేరా? తీశాక పరీక్ష కాగితం నాకిస్తారా? ఈ ప్రశ్నలకు కోపగించుకునే డాక్టరు దగ్గర కడుపు కోయించుకోవలసిన అవసరం, ప్రాణం మీదికి వచ్చిన వేళ తప్ప, ఎవరికీ లేదు.

పోయిన నెల కొత్తవాడ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. 29 ఏళ్ళు, ఎడమ అండాశయంలో నాలుగు సెంటీమీటర్ల నీటితిత్తి, వచ్చే సోమవారం ఆపరేషను. మా చెల్లెలే ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. తన మణికట్టు చూపించింది. "ఆగు బిడ్డా, రెండు నెలలు చూద్దాం. నేనే నీ తోడొస్త" అన్నది. ఆ అమ్మాయి సోమవారం ఆసుపత్రికి పోలేదు. రెండో స్కానింగు ఇంకా కాలేదు. తిత్తి కరగొచ్చు, కరగకపోవచ్చు. కరగకపోతే తర్వాత ఏం చెయ్యాలో కూడా ఆమెకిప్పుడు తెలుసు. ఆమె రిపోర్టు మా బీరువా మీది సంచిలో లేదు, ఆమె దగ్గరే ఉంది.